రెండు తలుపుల గది

మంజుల ఏదైనా అడగడం మొదలుపెడితే జమ్మిరేవులో జనం ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోతారు. వీధిలో కొత్త స్తంభం వేస్తే అది అక్కడే ఎందుకు వేశారని అడుగుతుంది. ఎవరింటి గోడైనా వంకరగా ఉంటే ఎందుకు వంకరపోయిందని అడుగుతుంది. "నీకెందుకే" అంటే నొచ్చుకోదు. "ఊకెనే, తెలుసుకుందామని" అంటుంది. భర్త మధు హుజూర్‌నగర్‌కు ఆటో నడుపుతాడు. రోజూ సాయంత్రం అతను ఇంటికి వచ్చేసరికి ఆ రోజు జవాబు దొరకని ప్రశ్నలన్నీ అతని కోసం ఎదురుచూస్తుంటాయి.

పాలకీడు దాటి కృష్ణ దిక్కు పోతే బాట ఆగిపోయే చోట ఉంటుంది జమ్మిరేవు. అవతలి ఒడ్డు పల్నాడు. ఇప్పుడు అందరూ రోడ్ల మీదే తిరుగుతున్నారు గానీ, ఒకప్పుడు ఈ రేవులో బల్లకట్టు ఆగేది. దానికి గుర్తుగా ఏటి గట్టు మీద ఒక రాతి కట్టడం మిగిలింది. ఊరంతా దాన్ని నాకా అంటారు. అది ఏమిటో, ఎవరు కట్టారో పట్టించుకున్నవాళ్ళు లేరు. సర్కారు తుమ్మ దాన్ని చుట్టూ కమ్మేయడంతో బయటికి పైకప్పు కూడా కనిపించేది కాదు.

పోయిన ఎండాకాలం శశిధర్ ఆ రేవుకు మెట్లు కట్టిస్తానన్నాడు. శశిధర్ వాళ్ళది ఊళ్ళో పెద్ద వ్యవసాయం. మిర్యాలగూడలో రైస్‌మిల్లు కూడా ఉంది. చనిపోయిన తండ్రి పేరు మీద ఊరికి ఏదైనా చేయాలని అతని కోరిక. మెట్లకు రాయి బయటినుంచి తేవడం ఎందుకు, పాడుబడ్డ నాకాను విప్పితే కావలసినంత రాయి అన్నాడు. పంచాయతీలో ఎవరూ కాదనలేదు. బాట మీద తుమ్మ కొట్టే పని ఉపాధి కూలీలకు ఇచ్చారు. ఆ కూలీల హాజరు, పని చూసుకునే మేటు మంజుల.

తుమ్మ కొట్టేకొద్దీ నాకా బయటపడింది. ఏటికి ఎదురుగా మూడు కమానుల వసారా. దాని వెనుక పెద్ద గది. కప్పంతా నాపరాతి పలకలు. గది మధ్యలో కప్పుకు బొటనవేలంత మందం ఇనుప కొక్కెం. కూలీలు నీడ దొరికిందని వసారాలో సద్ది విప్పారు. మంజుల మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని లోపలంతా తిరిగింది.

పెద్ద గదికి పక్కన ఇంకో గది ఉంది. ఇద్దరు మనుషులు చేతులు చాస్తే నిండిపోయేంత చిన్నది. కిటికీ లేదు. గోడలో దీపం గూడు, గూటి మీద నల్లటి మసి. అంత చిన్న గదికి రెండు ద్వారాలు. ఒకటి ఏటి దిక్కు, ఇంకోటి ఊరి దిక్కు. తలుపులు ఎప్పుడో పోయాయి, రాతి దర్వాజాలే మిగిలాయి. గడియ దిగడానికి రాతిలో తొలిచిన రంధ్రాలు వేలితో తడిమి చూసింది మంజుల. రెండు ద్వారాలకూ అవి లోపలి వైపే ఉన్నాయి.

బయటికి వచ్చి కూలీలతో ఉన్న లింగన్నను అడిగింది. లింగన్న చేపలు పట్టే మనిషి. పుట్టినప్పటినుంచి ఏటి మీదే బతికాడు.

"తాతా, ఆ సిన్న గది ఏంది?"

"జైలు. దొంగలను అండ్ల ఏసెటోళ్ళంట."

"జైలయితె గడియ లోపటెందుకు పెడ్తరు? దొంగ లోపటికెళ్ళి గడియ పెట్టుకుంటడా?"

లింగన్న నోట్లో ముద్ద నమిలి మింగేదాకా ఆలోచించాడు. "అది గూడ నిజమే" అన్నాడు.

సాయంత్రం పని చూడడానికి శశిధర్ వస్తే అతన్నీ అడిగింది. శశిధర్ విసుక్కోలేదు. కొక్కెం కింద నిలబడి పైకి చూస్తూ తనకు తెలిసింది చెప్పాడు.

"మా తాత దీన్ని కరోడ్‌గిరి నాకా అనెటోడు. ఇటుపక్క నైజాం రాజ్యం, అటుపక్క ఇంగ్లీషోళ్ళది. ఏరు దాటి సరుకొస్తె ఈడ పన్ను కట్టాలె. ఈ కొక్కేనికి పెద్ద తరాజు వేలాడేదంట."

"మరి గా సిన్న గది?"

"గోదాం అయ్యుంటది మంజులా."

"గోదాంకు తాళం బయట ఏస్తరు గద సార్. గడియ లోపటెందుకు? రెండు తలుపులెందుకు?"

"నన్నడుగుతె ఏం చెప్పాలె? కట్టినోళ్ళను అడగాలె" అని నవ్వి, బండెక్కి వెళ్ళిపోయాడు. రాళ్ళు విప్పే మనుషులు వారం తిరగకముందే వస్తారని పోతూ పోతూ చెప్పాడు.

ఆ మాట మంజులకు తొందర పుట్టించింది. కట్టడం పోతుందని ఆమెకు పెద్ద బాధేమీ లేదు. ఆ గది ఎందుకు కట్టారో తెలియకుండానే పోతుందేమోనన్నదే ఆమె పరేషాన్. ఇంటికి పోయి ఫోన్‌లో వెతికింది. నైజాం కాలంలో కరోడ్‌గిరి అంటే సుంకాల శాఖ అని రెండు ముక్కలు దొరికాయి. చిన్న గది గురించి ఏమీ లేదు.

"ఈ ఒడ్డోళ్ళకు తెల్వకపోతె ఆ ఒడ్డోళ్ళకు తెలుస్తదేమో" అన్నాడు మధు. ఆమె ప్రశ్నలనుంచి తప్పించుకుందామని అన్న మాట అది. మంజుల మాత్రం ఆదివారం పొద్దున్నే లింగన్న పడవెక్కి ఏరు దాటింది.

అవతలి రేవు పైన నాలుగు ఇళ్ళున్నాయి. ఒక ఇంటి ముందు భద్రమ్మ అనే ముసలావిడ మిరపకాయల తొడాలు తీస్తోంది. మంజుల పక్కన కూర్చుని, తానూ తొడాలు తీస్తూ మెల్లగా అడిగింది.

"మీ వైపు నాకానా? మా అత్త చెప్పేదమ్మాయ్" అంది భద్రమ్మ. "పుట్టింటికి పోవాలంటే ఏరు దాటాలిగా మరి. బల్లకట్టు దిగంగానే మగాళ్ళనొక పక్కకి, ఆడాళ్ళనొక గదిలోకి తోలేవాళ్ళంట. ఆ గదిలో ఒకామె తలుపేసి ఒళ్ళంతా తడిమి చూసేదంట. చీర కుచ్చిళ్ళలో, జడలో ఏవన్నా దాచుకొస్తున్నామేమోనని. అటునుంచి లోపలికి, ఇటునుంచి బయటికి. మా అత్త ఆ తడిమేదాన్ని తిట్టని రోజు లేదనుకో."

మంజుల చేతిలో మిరపకాయ అలాగే ఉండిపోయింది. రెండు తలుపులు, లోపలి గడియలు, కిటికీ లేని గోడలు, దీపం గూడు. అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. దాంతోపాటు ఇంకో మాట కూడా చెవిలో పడింది. తడిమేది. జమ్మిరేవు చర్చి బజారులో సత్యానందం సార్ వాళ్ళను ఊరంతా ‘తడిమెటోళ్ళు’ అంటారు. ఆ పేరు ఎందుకొచ్చిందని మంజుల చిన్నప్పుడు ఒకసారి అడిగింది కూడా. సార్ వాళ్ళ తాత గుడ్డివాడని, గోడలు తడుముకుంటూ నడిచేవాడని చెప్పారు.

పడవ దిగీ దిగగానే ఆమె చర్చి బజారుకు పోయింది. ఇంటికి పోయి నిదానంగా ఆలోచించి ఉంటే ఎట్లా చెప్పాలో తెలిసేదేమో. అంత ఓపిక ఆమెకు లేదు.

సత్యానందం బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు చర్చి పెద్ద. వసారాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. పక్కన మంచం మీద వాళ్ళమ్మ పిచ్చమ్మ గోడ దిక్కు తిరిగి పడుకుని ఉంది. తొంభైకి దగ్గర పడ్డ మనిషి, చెవులు సరిగా వినపడవు.

"సార్, మీ ఇంటి పేరు సంగతి దొరికింది" అని మొదలుపెట్టి, మంజుల ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేసింది. చెప్తున్నంతసేపూ ఆయన ముఖం చూడలేదు. చూసేసరికి ఆలస్యమైపోయింది.

"అంటే మా అమ్మమ్మ నాకా కాడ ఆడోళ్ళ ఒళ్ళు తడిమేదని చెప్పడానికి వచ్చినవా?" అన్నాడు సత్యానందం. గొంతు పెంచలేదు. "నాకు బళ్ళె చేరిన రోజునుంచి ఆ పేరున్నది. తడిమెటోడా, నా జేబు తడుము అని పిల్లలు ఎగతాళి చేస్తుంటే, మా తాతకు కండ్లు లేకుండె అని చెప్పుకుంట పెరిగిన. నేను పంతులునైనంక గూడ ఎనక ఆ మాట ఆగలె. ఇప్పుడు నువ్వొచ్చి దానికి ఇంకో అర్థం చెప్తున్నవ్. ఇది ఊళ్ళె ఎంతమందికి చెప్పినవ్?"

"ఎవ్వలికి చెప్పలే సార్."

"మంచిది. చెప్పకు. ఇగ పో."

మంజుల ఇంటికి పోయి మధుతో కూడా ఏమీ అనలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అడిగే మనిషి నోరు మూసుకుని ఉండేసరికి, జ్వరమొచ్చిందేమోనని అతను నుదురు పట్టి చూశాడు.

రెండో రోజు పొద్దున సత్యానందమే ఫోన్ చేశాడు. "మా అమ్మ నిన్ను పిలువమంటున్నది. నువ్వు చెప్పిందంతా ఆమె విన్నదంట. మధును ఆటో తీస్కరమ్మను. నాకా కాడికి పోవాలంటున్నది."

ఆ పొద్దునే రాళ్ళు విప్పే మనుషులు కూడా వచ్చారు. ఆటో గట్టు మీదికి చేరేసరికి వసారా కప్పు మీదినుంచి కొన్ని పలకలు దించారు. ఒక కమాను కూలిపోయి ఉంది. శశిధర్ చెట్టు కింద నిలబడి పని చూస్తున్నాడు. ఆటోలోంచి పిచ్చమ్మను చెరో పక్క పట్టుకుని దించుతున్న మంజులను, సత్యానందాన్ని చూసి, పని కాసేపు ఆపమని మనుషులకు చెయ్యెత్తాడు.

పిచ్చమ్మ ఎవరినీ దారి అడగలేదు. వసారా పక్కనుంచి సూటిగా చిన్న గదిలోకి పోయింది. దీపం గూడును అరచేత్తో ముట్టుకుంది. ఆ తర్వాత దాని కింద, చిన్నపిల్లలు కూర్చున్నట్టు, గోడకు వీపానించి కూర్చుంది.

"నేను గీడ్నే కూసునేదాన్ని" అంది. "దీపం పట్టుకొని. మా అమ్మకు రెండు చేతులు గావాలె గద."

మంజుల ఆమె ఎదురుగా కూర్చుంది. సత్యానందం ఊరి దిక్కు ద్వారంలో, శశిధర్ ఏటి దిక్కు ద్వారంలో నిలబడ్డారు.

పిచ్చమ్మ తల్లి పేరు ఎస్తేరమ్మ. పెళ్ళయిన కొన్నేళ్ళకే భర్త పోయాడు. నాకా జమాదారుకు ఆడవాళ్ళను సోదా చేయడానికి ఒక ఆడమనిషి కావాలి. ఊళ్ళో ఎవరూ ఒప్పుకోలేదు. నలుగురి తిట్లు తినే పని అది. ఎస్తేరమ్మకు వేరే దారి లేదు, ఒప్పుకుంది.

"మమ్మల్ని వాకిట్లకు గూడ రానియ్యని రోజులు బిడ్డా" అంది పిచ్చమ్మ. "బాయి కాడ దూరం నిలవడాలె. దుకాణంల పైనుంచి దోసిట్ల పొయ్యాలె. అసొంటి మా అమ్మ ఈ గదిల అందర్ని ముట్టుకోవాలె. రెడ్లామెనైన, కోమటామెనైన. సర్కారు హుకుం. ముట్టుకోకపోతె జమాదారు కొడ్తడు, ముట్టుకుంటె వాళ్ళు తిడ్తరు. బయటికి పోంగనే సక్కగ ఏట్లకు దిగి, చీరలతోటే మునిగేటోళ్ళు."

"అవ్వా, దొరికినయన్ని ఆమె పట్టిచ్చేదా?" మంజుల ఆగలేక అడిగింది.

"కొన్ని పట్టిచ్చేది. అసలే పట్టియ్యకపోతె నౌకరి పోతది గద. పాపం అనిపిస్తె ఇడిసేది. ఎవల్ని ఇడవాలె, ఎవల్ని ఇడవొద్దన్నది ఆమెకే తెలుసు. నాకు ఎన్నడు చెప్పలె."

పిచ్చమ్మ తనలో తనే నవ్వడం మొదలుపెట్టింది. పళ్ళు లేని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఒకపారి ఏమైందనుకున్నరు?" అంది.

ఒక రైతు ఇంటి కోడలు అవతలినుంచి వచ్చింది. నిండు చూలాలిలా ఉంది. ఎస్తేరమ్మ తలుపులేసి కడుపు మీద చెయ్యి పెట్టింది. లోపల బిడ్డ లేదు. చీర కింద ఇంకో చీర చుట్టుకుని ఉంది. ఆడబిడ్డ పెళ్ళికని పుట్టింటివాళ్ళు పెట్టిన ఎర్రటి పట్టుచీర. ఆమె రెండు చేతులూ జోడించింది. బయటినుంచి జమాదారు అరిచాడు.

"ఏమున్నది లోపట?"

ఎస్తేరమ్మ ఆ పిల్ల ముఖం చూసింది. "బిడ్డ ఉన్నది" అని జవాబు చెప్పి ఊరి దిక్కు తలుపు తీసింది.

"బయటికైతె పోయింది. అసలు ఆపద గప్పుడొచ్చింది" అంది పిచ్చమ్మ. "ఎంబడొచ్చినోళ్ళందరు ఏట్ల మునుగుతున్నరు. ఈమె మునగకపోతె ఎట్ల? మా అమ్మ ముట్టుకున్నది గద! మునిగితె పట్టుచీర ఖరాబైతది. జరసేపు ఒడ్డున అటు ఇటు తిరిగింది. రా, రా అని అందరు పిలుస్తున్నరు. ఇగ ఏం చేస్తది, నడుముల దాక దిగింది. ఆ చీర రంగు ఇడిసింది. నీళ్ళల్ల ఎర్రగ కారుతున్నది. అయ్యో, కడుపు పోతున్నది, కడుపు పోతున్నది అని ఆడోళ్ళు ఒకటే లొల్లి! జమాదారు ఉరికొచ్చిండు, బండి కట్టుండ్రని ఆయనే మొత్తుకుండు."

శశిధర్ ద్వారంలో నిలబడే గట్టిగా నవ్వేశాడు. సత్యానందం నవ్వలేదు గానీ లోపలికి ఒక అడుగు వేశాడు.

"మరి ఆమెను ఎవరు పట్టుకున్నరమ్మా?" అన్నాడు.

"ఇంకెవరు? మా అమ్మనే. ఎస్తేరమ్మా పట్టు, ఎస్తేరమ్మా లేపు అని వాళ్ళే పిలిసిండ్రు. గప్పుడు ఎవ్వలికి అంటు యాదికి రాలె. మా అమ్మ ఆ పిల్లను ఎత్తుకొని, తడిసిన చీర కనవడకుంట కొంగు కప్పి, బండిల పండబెట్టింది. మొగోళ్ళు అటు దిక్కు తిరిగి నిలవడ్డరు. నేను దీపం ఆర్పి, నవ్వు ఆగక నోట్ల చెయ్యి పెట్టుకున్న."

"ఎవరింటామె అవ్వా?" శశిధర్ అడిగాడు. జమ్మిరేవులో నలభై యాభై రైతు కుటుంబాలున్నాయి. వాళ్ళది కూడా అందులో ఒకటి.

పిచ్చమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది. "పేరెందుకయ్యా? ఆమె పోయింది, మా అమ్మ పోయింది. పెళ్ళి మంచిగనే అయ్యిందంట."

ఆ తర్వాత సత్యానందం తల్లి పక్కన కింద కూర్చున్నాడు. ఆయన తెల్ల ప్యాంటుకు దుమ్ము అంటింది.

"మరి తాతకు కండ్లు లేకుండె అని నాకెందుకు చెప్పినవ్?"

"బళ్ళెకెళ్ళి ఏడ్సుకుంట వచ్చినవ్ గద. పసిపిల్లగానికి ఇదంత ఏడ చెప్పాలె? గుడ్డోని మనుమడంటె జాలిపడ్తరు అనుకున్న. నాకాల తడిమినామె మనుమడంటె కొడ్తరు. మీ తాతకు కండ్లు మంచిగనే ఉండె. నేను జూడలె గని, మా అమ్మ చెప్పేది."

ఆయన లేచి ఏటి దిక్కు ద్వారం దగ్గరికి పోయి, గడియ రంధ్రంలో తన వేలు పెట్టి చూశాడు.

శశిధర్ ఆ రోజు పని ఆపించాడు. మర్నాడు కూడా మొదలుపెట్టలేదు. పంచాయతీలో మాట్లాడి, మఠంపల్లి దిక్కు నుంచి నాపరాళ్ళు తెప్పించాడు. కూలిపోయిన కమానును మళ్ళీ నిలబెట్టాలని చూశారు గానీ, అట్లా కట్టడం వచ్చిన మేస్త్రీ దొరకలేదు. ఆ పక్కంతా ఇప్పటికీ కప్పు లేకుండానే ఉంది. పాత కట్టడాలను చూసే ఆఫీసర్లు ఒకసారి వచ్చి ఫోటోలు తీసుకుని, కొలతలు రాసుకుని పోయారు. మళ్ళీ ఏ కబురూ లేదు. మెట్లు మాత్రం తొలి ఏకాదశికి పూర్తయ్యాయి. వానాకాలంలో ఏరు పెరిగి నాకా అరుగు దాకా వచ్చి తగ్గింది. చిన్న గదికి ఏమీ కాలేదు.

మంజులతో ఎవరికీ చెప్పొద్దన్న సత్యానందం, బడి తెరిచాక హెడ్‌మాస్టర్‌తో తనే మాట్లాడి పిల్లలను నాకా దగ్గరికి తీసుకుపోయాడు. పెద్ద గదిలో కొక్కెం చూపించాడు, రెండు రాజ్యాల సంగతి చెప్పాడు. చిన్న గదిలోకి పోయాక, "ఇది మా అమ్మమ్మ ఎస్తేరమ్మ పనిచేసిన గది" అన్నాడు. పట్టుచీర కథకు పిల్లలు నేల మీద పడి నవ్వారు. ఒక పిల్ల మాత్రం, మీ అమ్మమ్మకు ఆ పని ఇష్టమేనా సార్ అని అడిగింది. ఆయనకు తెలియదు. మా అమ్మను అడిగి చెప్తానన్నాడు.

ఇంటికి పోయి అడిగాడు. పిచ్చమ్మ చెప్పింది.

"జీతం ఇష్టమే. ఇంటికి రాంగనే చేతులు కడుక్కునేది. బూడిద ఏసి మల్ల మల్ల కడుక్కునేది. ఎందుకమ్మా, వాళ్ళు మనల్ని అంటుకుంటె మునుగుతరు, నువ్వెందుకు కడుగుతవంటె, వాళ్ళ భయం నా చేతులకు అంటుకుంటదే, కడగకపోతె నీకు అన్నం పెట్టబుద్ధి కాదు అనేది."

సత్యానందం ఈ మాట మంజులకు ఫోన్ చేసి చెప్పాడు. ఇప్పుడు వాళ్ళిద్దరికీ ఇదొక అలవాటు. పిచ్చమ్మ ఒక్కోరోజు ఏదో ఒక ముక్క చెప్తుంది, ఒక్కోరోజు గోడ దిక్కు తిరిగి పడుకుంటుంది. చెప్పిన రోజు ఆయన ఫోన్ చేస్తాడు. ఆయన చెప్పడం అయిపోయేలోపే మంజుల ఇంకో ప్రశ్న వేస్తుంది.

క్రిస్మస్ ముందు మంజుల చూడడానికి పోతే, ఈసారి పిచ్చమ్మే అడిగింది.

"ఆ ఒడ్డు ఎట్లుంటది బిడ్డా?"

"నువ్వెన్నడు పోలేదా అవ్వా?"

"ఎవరు తీస్కపోతరు? వచ్చెటోళ్ళను చూసుడే గని, నేను దాటిందెక్కడ?"

ఎండ తగ్గని పగటిపూట, నీళ్ళు నిలకడగా ఉన్న రోజు చూసి, లింగన్న పడవలో పాత పరుపు వేశాడు. కొత్త మెట్లమీదుగా మధు ఆమెను ఎత్తుకుని దించి పడవలో కూర్చోబెట్టాడు. సత్యానందానికి నీళ్ళంటే భయం. అయినా అంచు గట్టిగా పట్టుకుని తల్లి వెనుక కూర్చున్నాడు. ఏటి మధ్యకు చేరాక పిచ్చమ్మ తల వెనక్కి తిప్పి తన ఊరిని చూసింది. నీళ్ళ మీదినుంచి జమ్మిరేవు ఎట్లా కనిపిస్తుందో ఆమెకు ఇన్నేళ్ళకు తెలిసింది.

"మన చర్చి గింత సిన్నగుంటదా?" అంది.

అవతలి రేవులో భద్రమ్మ ఎదురొచ్చింది. వస్తున్నదెవరో మంజుల ముందే చెప్పి ఉంచింది. తన అత్త జీవితాంతం తిట్టిన మనిషి కూతురితో ఏం మాట్లాడాలో భద్రమ్మకు తోచినట్టు లేదు. కొంచెం ఇబ్బందిగా నిలబడింది. పడవ ఒడ్డుకు తగిలి ఊగేసరికి పిచ్చమ్మ తూలింది. భద్రమ్మ గబగబా మోకాలిలోతు నీళ్ళలోకి దిగి ఆమె రెండు భుజాలూ పట్టుకుంది.

"జాగ్రత్తమ్మా, పాచి ఉంది" అంది.

ఇంటి ముందు మంచం వాల్చింది, టీ పెట్టింది. ఎవరు ముందు మొదలుపెట్టారో మంజుల గమనించలేదు. చూసేసరికి ఇద్దరు ముసలివాళ్ళూ అప్పటి బల్లకట్టు తోసే మనిషికి మెల్లకన్ను ఏ పక్కన ఉండేదో వాదించుకుంటున్నారు. భద్రమ్మ అత్త చెప్పినదాని ప్రకారం ఎడమది. పిచ్చమ్మ కళ్ళతో చూసినదాని ప్రకారం కుడిది. గాలి లేస్తుంది, పోదాం పదమని లింగన్న రేవులోంచి రెండుసార్లు కేకేశాడు. పిచ్చమ్మకు వినపడలేదు. వినపడ్డ మంజుల కూడా లేవలేదు.